లడ్డూ వేలం, బసవయ్య గొంతు

బసవయ్య గొంతు మారిందని అందరికంటే ఆలస్యంగా తెలుసుకున్నవాడు బసవయ్యే. ముప్పై ఏళ్లుగా మైకులో అరిచి బతుకుతున్న మనిషికి గొంతు బొంగురుపోవడం జబ్బు కాదు, ఆ రోజు పని దొరికిందనడానికి గుర్తు.

ఆయన పని చాలా సులువుగా చెప్పవచ్చు. స్నేహితుడు డానియేలు ఆటో నడుపుతాడు. ఆటో మీద రెండు హారన్ స్పీకర్లు. వెనక సీట్లో మైకు పట్టుకుని బసవయ్య. లాడ్ బజార్‌లో గాజుల తగ్గింపు ధర, దబీర్‌పురాలో రేపు నల్లా నీళ్లు రావన్న కబురు, తప్పిపోయిన పిల్ల వేసుకున్న గౌను రంగు, పోయినవారి పేరు, అంత్యక్రియల వేళ. ఒకసారి తెలుగులో, ఒకసారి ఉర్దూలో. ఫోన్లలోనే గొంతులు తయారయ్యే కాలం వచ్చాక పని సగానికి పడిపోయింది. పాత ఇనుము బండ్ల వాళ్లు ఆయన చేత ఒక్కసారి చెప్పించి రికార్డు చేసుకుని, ఏళ్ల తరబడి అదే తిప్పుతున్నారు. ధూల్‌పేట్‌లోని తన ఇంట్లో అన్నం తింటుండగా తన గొంతే గల్లీలోంచి కేక వేసుకుంటూ పోవడం ఆయనకు అలవాటైపోయింది.

అయితే ఏడాదిలో ఒక్కరోజు ఆయనకు సాటి లేదు. నిమజ్జనం రోజు పొద్దున గణపతి చేతిలోని లడ్డూను వేలం వేయాలంటే గల్లీకి బసవయ్య కావాలి. వేలం అంటే ధర పిలవడం ఒక్కటే కాదు. ఎవరికి ఎవరితో పడదో తెలియాలి. బావను చూసి బావమరిది, పాత ఇంటి ఓనరును చూసి కిరాయిదారు ధర పెంచేలా చూడాలి. "ఏందన్నా, పోయినేడు గంత చప్పుడు చేస్తివి, ఈయేడు గొంతుల వెలక్కాయ పడ్డదా?" అని ఆయన ఒక్క మాట విసిరితే, చేతులు కట్టుకుని నిలబడ్డవాడు కూడా వేలు ఎత్తేవాడు.

ఆ ఏడు ఎండాకాలంలో బసవయ్యకు నీళ్లు మింగడం కూడా కష్టమైంది. కళ్లద్దాల దుకాణంలో బిల్లింగ్ చేసే కూతురు భాగ్యశ్రీ సెలవు పెట్టి, తండ్రిని దాదాపు లాక్కుపోయి పరీక్షలు చేయించింది. గొంతులో క్యాన్సర్. డాక్టరు నడివయసు మనిషి, మాట పొదుపు. స్వరపేటిక మొత్తం తీసేయాలి, మెడలో రంధ్రం పెడతాం, ఊపిరి అక్కడి నుంచి, అన్నాడు.

"మరి మాట?" అని అడిగాడు బసవయ్య.

"మనిషి బతుకుతాడండీ. మాట తర్వాత చూద్దాం. పరికరాలున్నాయి, నేర్పిస్తారు."

"గట్లనా," అన్నాడు బసవయ్య. ఇంటికి వచ్చేదారిలో డానియేలు ఆటో నడుపుతూ అద్దంలోంచి పదిసార్లు చూశాడు.

పెద్ద జబ్బు మనిషికి వివేకం తెస్తుందని రాసేవాళ్లున్నారు. వాళ్లు రోగి పక్కన వారం రోజులు ఉన్నవాళ్లు కారు. బసవయ్యకు జబ్బు తెచ్చింది చిరాకు. ఫ్యాను వేస్తే చలి, ఆపితే ఉక్క. ఒకచోట కూర్చోలేడు. గల్లీ చివరి దాకా నడిచి, ఎందుకు వచ్చాడో మరిచి, తిరిగి వచ్చేవాడు. "ధైర్యంగ ఉండన్నా" అన్న ప్రతివాడి మీదా మండిపడేవాడు.

భార్య సక్కుబాయి విగ్రహాల కార్ఖానాలో రంగులు వేసే కూలి. ఆమె భక్తిలో శాంతి, ఓపిక వెతికితే దొరకవు. పని ఎగ్గొట్టే కూలీని మేస్త్రీ తిట్టినట్టు దేవుళ్లను తిట్టేది. బోనాలప్పుడు అమ్మవారి ముందు నిలబడి, "ఇంత మంది బోనం దెస్తున్నరు, నా ఒక్కదాని మాట చెవిల పడ్తలేదా తల్లీ?" అని అందరూ వినేలా అడిగింది. దర్గాలో దారం కట్టించింది. భర్త ఆపరేషన్ అయ్యే దాకా చెప్పులు వేసుకోనని మొక్కుకుంది. డానియేలు తమ పాస్టరు ప్రార్థించిన నూనె సీసా తెస్తే అదీ తీసుకుని పడుకునేముందు భర్త మెడకు రాసింది.

"వదినా, ఇంతమందికి అప్పజెప్తే ఒగరి మీద ఒగరు ఏసుకొని ఎవ్వరు జెయ్యరు," అన్నాడు డానియేలు.

"మీ దేవుడు జేస్తే మీ దేవునికే పేరు. నాకేం పట్టింపు లేదు," అందామె.

డబ్బు సంగతి భాగ్యశ్రీ చూసుకుంది. సర్కారు కార్డు మీద చేసే చోట పడక దొరకాలంటే దీపావళి దాటాలన్నారు. డాక్టరేమో అంత ఆగితే ఊపిరే అందదన్నాడు. మిగిలింది ప్రైవేటు ఆసుపత్రి. సెప్టెంబరులో, నిమజ్జనం తర్వాతి సోమవారం చేరాలి. చేరేముందు మూడున్నర లక్షలు కట్టాలి. ఆమె ఇంటర్నెట్‌లో చందాల పేజీ పెట్టింది. ఆ సైటు నుంచి ఒకాయన ఫోన్ చేసి, ఫోటో మార్చమన్నాడు. బసవయ్య మీసానికి రంగు వేసుకుని, ఇస్త్రీ చొక్కాతో, చేతిలో మైకుతో నవ్వుతున్న ఫోటో అది.

"ఏడ్చే ఫోటో కావాలంట బాపు," అంది భాగ్యశ్రీ.

"నాకు ఏడుపొస్త లేదు."

"ఉల్లిగడ్డలు కోపిద్దమా అన్నా?" అన్నాడు డానియేలు.

"వీని ముఖం పెట్టుర్రి," అన్నాడు బసవయ్య. "చూసినోల్లు వాల్లే ఏడుస్తరు."

ఫోటో మార్చలేదు. నవ్వే రోగికి జనం పెద్దగా ఇవ్వలేదు. సక్కుబాయి పుస్తెలగొలుసు తాకట్టు పెట్టింది. అన్నీ కలిపినా ఎనభై వేలే అయ్యాయి. అప్పుడే గల్లీ గణపతి మండపం పెద్ద మైసయ్య ఇంటికొచ్చి, కుర్చీలో కూర్చోకుండానే చెప్పేశాడు. "బసవన్నా, ఈయేడు లడ్డు పైసలు మొత్తం నీ ఆపరేషన్‌కే. కమిటీల మాట్లాడినం. పోయినేడు ఆరు లక్షలు వలికింది, ఈయేడు తక్కువ రాదు. వేలం పాట మాత్రం నువ్వే నడపాలె."

సక్కుబాయి ఏడ్చింది. భాగ్యశ్రీ ఆసుపత్రికి ఫోన్ చేసి సోమవారం తారీఖు ఖాయం చేసింది. బసవయ్య "సరే" అన్నాడు. ఆ తర్వాత వారం రోజులూ ఆయన కాస్త నెమ్మదించినట్టు కనిపించాడు. అన్నం తిన్నాడు. ఆశ పుట్టిందని ఇంట్లో అనుకున్నారు.

శనివారం నిమజ్జనం. పొద్దున తొమ్మిదికే గల్లీ నిండిపోయింది. డీజే బండి, గులాల్, కొబ్బరి చిప్పలు, తొక్కిన పూలు. డాక్టరు గొంతుకు పని చెప్పొద్దన్నాడు. బసవయ్య మెడకు మఫ్లరు చుట్టుకుని, మైకు చేతిలోకి తీసుకుని, దాని తలను రెండుసార్లు కొట్టి చూశాడు. గొంతు రంపం కోసినట్టుంది. అయినా మాటల్లో పదును తగ్గలేదు. జనం నవ్వుతున్నారు.

వేలానికి ముందు ఒక రివాజు ఉంది. పోయిన ఏడాది లడ్డూ గెలిచినవాణ్ణి పిలిచి శాలువా కప్పుతారు. పోయిన ఏడు గెలిచింది లక్ష్మీకాంత్. శివార్లలో ప్లాట్లు అమ్ముతాడు, రేపో మాపో కార్పొరేటర్‌గా నిలబడతాడని పేరు. ఆయన స్టేజీ ఎక్కి, చేతిసంచి మైసయ్యకు అందించాడు. చప్పట్లు. మైసయ్య సంచి విప్పి, అక్కడికక్కడే టెంటు హౌసు వాడికి కొంత, విగ్రహం తాలూకు బాకీ కొంత, పూలవాడికి కొంత ఇచ్చేశాడు. సంచి ఖాళీ.

ఆడవాళ్ల వైపు తాడు దగ్గర నిలబడ్డ భాగ్యశ్రీ ఇదంతా చూసింది. ఇన్నేళ్లూ ఆమె వేలాన్ని మేడ మీంచి చూసిందే తప్ప ఇంత దగ్గరగా ఎప్పుడూ నిలబడలేదు. స్పీకర్ల వైర్లు సర్దుతున్న డానియేలును పిలిచింది.

"కాకా, లక్ష్మీకాంత్ ఇచ్చినవి ఏం పైసలు?"

"పోయినేడువి బిడ్డా. పోయినేడు పాట పాడిండు గద."

"పోయినేడువి ఇప్పుడిచ్చుడేంది?"

"ఎప్పుడు గంతే. ఈయేడు పాడినోడు వచ్చే చవితికి కడ్తడు. ఏడాది టైముంటది గాబట్టే గంత గంత పాడ్తరు."

"మరి సోమవారం ఆసుపత్రిల ఏం కట్టాలె?"

డానియేలు వైరు కింద పెట్టాడు. "బసవన్న మైసయ్యతోని మాట్లాడుకున్నడనుకున్న," అన్నాడు మెల్లగా.

ఇది ఎవరి మోసమూ కాదు. ఈ రివాజు గల్లీలో ప్రతి మగవాడికీ తెలుసు. తెలిసిందే కనుక ఎవరికీ తట్టలేదు. మండపం లెక్కలు మగవాళ్లవి, ఆసుపత్రి లెక్కలు ఆడవాళ్లవి. ఆ రెండూ తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ ఇప్పుడు స్టేజీ మీద నిలబడి ధర పిలుస్తున్నాడు.

అప్పటికి ఏడు లక్షలు దాటింది. మటన్ దుకాణం వాళ్లు ఏడున్నర అన్నారు. లక్ష్మీకాంత్ ఎనిమిది అన్నాడు. పక్క గల్లీ లడ్డూ ఎనిమిదిన్నర పలికిందని ఎవడో కబురు తెచ్చాడు. దాంతో జనంలో కాక పుట్టింది. లక్ష్మీకాంత్ చెయ్యెత్తి "తొమ్మిది" అన్నాడు. డీజే వాడు ఒక దరువు కొట్టాడు.

"తొమ్మిది లక్షలు, ఒకటోసారి..."

భాగ్యశ్రీ తాడు కింది నుంచి దూరి స్టేజీ ఎక్కింది. "బాపు, ఆపు."

బసవయ్య అరచేత్తో మైకు మూశాడు. "ఏందే?"

"గీ పైసలు వచ్చే ఏడుకు వస్తయట. నీకు తెల్వదా?"

ఆయన ఆమె ముఖంలోకి చూడలేదు. గణపతి తొండం వైపు చూశాడు. ఆ చూపుతోనే ఆమెకు అర్థమైపోయింది.

"తెలుసు నీకు."

"తెలుసు."

"మరెందుకు చెప్పలే?"

"నువ్వు సోమవారమని తారీఖు పెట్టినవు. మీ అమ్మ మొక్కులు వెట్టింది. నేను వద్దంటే వినేటట్టున్నరా?" ఆయన గొంతు ఇంకా తగ్గింది. "పైసలు అందకపోతే తారీఖు పోతది. నేను వద్దన్నట్టు గాదు. ఎవ్వరి తప్పు గాదు. గట్ల పోనీ అనుకున్న. మాట లేకుంట నేనేం జెయ్యాలె బిడ్డా? బండ్ల నా గొంతు తిరుగుతుంటే నేను మూల కూసొని వినాలెనా?"

కింద మైసయ్య, "బసవన్నా, కానీ కానీ," అంటున్నాడు.

భాగ్యశ్రీ ఏడవలేదు. ఆమె కోపంలో తల్లి పోలిక ఎక్కువ. "వద్దంటే వద్దని చెప్పు. నాకు గాదు. అగో, ఆమెకు చెప్పు. గణపతి మీద వేసి తప్పించుకోకు."

ఆమె చూపించిన వైపు చూశాడు. ఆడవాళ్ల గుంపులో సక్కుబాయి ఉంది. పగిలిన కొబ్బరి చిప్పల మధ్య ఒట్టి కాళ్లతో, ఒక పాదం మీద ఇంకో పాదం పెట్టి నిలబడి, తొమ్మిది లక్షలు అన్న మాట విని పక్కనున్నామె చేతులు పట్టుకుని నవ్వుతోంది. ఆపరేషన్ అయిపోయినంత సంతోషం ఆ ముఖంలో.

బసవయ్య చాలాసేపు చూశాడు. ఎంతసేపంటే జనం గోల పెట్టేంతసేపు. తర్వాత మైకు మీంచి చెయ్యి తీశాడు.

"ఆగుండ్రి. గీ పాట రద్దు."

డీజే వాడు చప్పుడు తగ్గించాడు. బసవయ్య అందుకున్నాడు.

"మైసన్న లడ్డు పైసలు నా ఆపరేషన్‌కన్నడు. ఆపరేషన్ వచ్చే చవితికి గాదు, ఈ వారంల. గందుకని ఈయేడు నగదు పాట. గెలిచినోడు గిప్పుడే, గీడనే కట్టాలె. ఉద్దెర లేదు."

మైసయ్య స్టేజీ అంచుకు వచ్చాడు. ముఖం ఎర్రబడింది. "బసవన్నా, నగదంటే ఎవడు తొమ్మిది పాడ్తడు? పక్క గల్లోల్లు ఎనిమిదిన్నర కొట్టిండ్రు. మన ఇజ్జత్ ఏం గావాలె?"

"ఇజ్జత్ వచ్చే ఏడు తెచ్చుకుందం మైసన్నా. ఉద్దెర పెట్టుకొని."

నవ్వులు. బసవయ్య లక్ష్మీకాంత్ వైపు తిరిగాడు. "లక్ష్మీకాంతన్నా, తొమ్మిది లక్షలు నీ నోట్ల ఉన్నయి. జేబుల ఎన్నున్నయి?"

"బ్యాంకు తెరిచినంక చూద్దం బసవన్నా. నా మాట మీద నమ్మకం లేదా?"

"నీ మాట మీద ఉన్నది. నా ఊపిరి మీద లేదు. బ్యాంకు సోమవారం తెరుస్తది, నేను సోమవారం పొద్దుగాల్నే కట్టాలె."

లక్ష్మీకాంత్ శాలువా మడిచి పక్కవాడికిచ్చాడు. "ఫోన్ల లక్ష కంటే ఎక్కువ పోదు. లక్ష తీసుకో, లడ్డు మీరే పెట్టుకోండ్రి."

"లడ్డు లేకుంట లక్ష ఇస్తే అది భిక్షమైతది అన్నా. పాట పాడు."

లక్ష్మీకాంత్ పాడలేదు. తన మనుషులతో కిందికి దిగి వెళ్లిపోయాడు. డీజే ఖర్చు ఆయనదే కాబట్టి బండి కూడా వెనకే కదిలింది. కుర్రాళ్లు బసవయ్యను తిట్టుకున్నారు. కొందరు వినబడేలాగే తిట్టారు. చావుబతుకుల్లో ఉన్న మనిషి పట్ల జనం కరుణగా ఉంటారన్నది డీజే లేని చోట నిజం కావచ్చు.

మళ్లీ మొదటి నుంచి మొదలైంది. యాభై వేలు. అరవై. ఫోన్లు బయటికొచ్చాయి. మనుషులు బ్యాలెన్సులు చూసుకుని మళ్లీ జేబులో పెట్టుకుంటున్నారు. లక్ష దగ్గర బసవయ్య గొంతు పూర్తిగా ఆగిపోయింది. నోరు ఆడుతోంది, గాలి తప్ప ఏమీ రావడం లేదు. డానియేలు స్టేజీ ఎక్కి ఆయన పెదాలకు చెవి ఆనించి, మైకు అందుకున్నాడు. బసవయ్య గుసగుసగా చెప్పింది డానియేలు అరిచి చెప్పాడు.

"లక్షా పది. మటన్ అన్నలు లక్షా పది."

"ఏ డానియేలూ, గణపతి లడ్డు నువ్వు అమ్ముతవేందిర?" అన్నాడొకడు.

"అమ్ముతున్న గని కొంటలేను గద. నీ దగ్గర పైసలుంటే పాడు, లేకుంటే జరగు."

లక్షన్నర దగ్గర మటన్ దుకాణం వాళ్లు ఆగిపోయారు. బసవయ్య గుంపునంతా ఒకసారి కలియజూశాడు. చవితి అయిపోయిన ఆ రోజుల్లో ధూల్‌పేట్‌లో నోట్లు చేతిలో ఉండేది ఎవరి దగ్గర? విగ్రహాలు అమ్మినవాళ్ల దగ్గర. ఆడవాళ్ల వైపు, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది విమలాదేవి. సక్కుబాయి పనిచేసే కార్ఖానా యజమానురాలు. పది నిమిషాలు ఆలస్యమైతే సగం కూలి కోసే మనిషి. బసవయ్య డానియేలు చెవిలో ఏదో అన్నాడు.

డానియేలు జంకుతూనే చెప్పాడు. "విమలమ్మా, బసవన్న అంటున్నడు, గణపతిని చేసి అమ్మినోల్లు ఎందరో ఉన్నరు గని, గణపతి లడ్డు గెలిచిన ఆడమనిషి ఈ గల్లీల లేదట. పోయినేడు మీ తోడికోడలు పక్క గల్లీల పాడబోయి వెనకకు తగ్గిందట గద."

"ఆమె తగ్గింది. నేను తగ్గ," అంది విమలాదేవి కుర్చీలోంచి లేవకుండా. "రెండు."

మటన్ వాళ్లు రెండుంబావు అన్నారు, పరువు కోసం. ఇంకో ఇద్దరు కార్ఖానా వాళ్లు కలిసి రెండున్నర అన్నారు. విమలాదేవి కాసేపు లెక్కేసుకుంది.

"రెండు డెబ్బై. నగదు. మనిషిని పంపి తెప్పిస్త. గని ఫ్లెక్సీ మీద నా ఫోటో మైసయ్య ఫోటో కంటే పెద్దగ ఉండాలె."

"ఉంటది," అన్నాడు డానియేలు, మైసయ్యను అడక్కుండానే.

ఒకటోసారి, రెండోసారి డానియేలు చెప్పాడు. మూడోసారికి బసవయ్య మైకు లాక్కున్నాడు. ఏం చెప్పాడో వెనక వరసల వాళ్లకు వినబడలేదు. లడ్డూ పళ్లెం విమలాదేవి నెత్తిన పెట్టినప్పుడు గాని పాట ముగిసిందని తెలియలేదు. ఆ ఏడు గణపతి డీజే లేకుండా, డప్పుల మీద బయల్దేరాడు. పక్క గల్లీ వాళ్లు పగలబడి నవ్వారు.

సక్కుబాయికి తొమ్మిది లక్షలు రెండు డెబ్బై ఎందుకయ్యాయో ఎవరూ విడమరిచి చెప్పలేదు. ఇంటికి వెళ్లేదారిలో ఆమే అడిగింది. బసవయ్య చెప్పాడు. దాచకుండా, తన సంగతితో సహా. ఆమె అంతా విని, గల్లీ మధ్యలో నిలబడి భర్తను తిట్టింది. అమ్మవారిని కూడా అంత తిట్టలేదు. మూడు ఇళ్ల వాళ్లు బయటికొచ్చి చూశారు. తిట్టడం అయ్యాక, "సోమవారం ఏడింటికి ఎల్లాలె. జల్ది పండుకో," అంది.

ఆపరేషన్ బుధవారం పొద్దున. థియేటర్ బయట స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. చుట్టాలు ఫోన్లు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. నాలుగు రోజుల విశ్రాంతితో గొంతు కొంచెం తిరిగి వచ్చింది. ఇవే ఆయన చివరి మాటలన్నది అందరి మనసులోనూ ఉంది. ఎవరూ అనలేదు. అందరూ అన్నట్టే ముఖాలు పెట్టారు.

"ఏమన్న చెప్పు బాపు, రికార్డ్ చేస్త," అంది భాగ్యశ్రీ.

"ఏం చెప్పాలె?"

"ఏదన్న. మంచి మాట."

బసవయ్య ఆలోచించాడు. "క్యాంటీన్ల నిన్న ఇడ్లీ తిన్నవా? చట్నీల నీళ్లు తప్ప ఏమన్న ఉన్నదా? ముప్పై ఐదు రూపాయలు. అడిగేటోడు లేడు. మీ డానియేలు కాకను పంపు, వాడు కొట్లాడ్తడు."

"అన్నా, గిప్పుడు గీ మాటలేంది?" అన్నాడు డానియేలు.

"మరెప్పుడు చెప్పాలెరా? రేపు చెప్తనా?"

ఎవరో మేనకోడలు ముక్కు తుడుచుకుంది. బసవయ్య ఆమెను చూసి చిరాకు పడ్డాడు. విమలాదేవి ఫ్లెక్సీలో మైసయ్య ఫోటోను ఎంత చిన్నగా వేయించిందో చెప్పాడు. లక్ష్మీకాంత్ శాలువా మడిచిన తీరు చేతులతో చేసి చూపించాడు. సక్కుబాయి "ఇగ ఊకో, అలిసిపోతవు," అంటే, "నేను ఊకుంటనే. నాకు తొందరేం లేదు," అన్నాడు. నర్సు వచ్చి అందరినీ పక్కకు జరగమంది. స్ట్రెచర్ కదిలింది. తలుపు మూసుకున్నాక, లోపలి నుంచి ఆ బొంగురు గొంతు ఎవరినో అడుగుతోంది.

"మీది ఏ ఊరు సార్?"

సమాధానం వినబడలేదు. భాగ్యశ్రీ ఫోన్ ఇంకా తలుపు వైపే పట్టుకుని ఉంది.